అండికో మార్కు

పులుసుకి పదికి నాలుగు వేసి సూర్రావుగారు చెయ్యి కడుక్కున్నారు. ఉప్పుకి రెండు, పులుపుకి రెండు తీసేశారట. మిగతా రెండూ పెళ్ళానికి గర్వం రాకుండా తీసినవట. ఏలూరు కాలేజీలో తెలుగు చెప్పే ఆ మనిషి, మంగతాయారు కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ కాఫీకీ, పంచె మడతకీ, చివరికి ఆవిడ దగ్గుకీ మార్కులేస్తూనే ఉన్నారు. పాసయిందని ఒక్కసారీ అనలేదు. తప్పితే పుట్టింటికి పంపేస్తారేమోనని మొదట్లో భయపడేది. తర్వాత్తర్వాత ఆశపడేది.

ఆయనకి ఎర్ర పెన్సిలు పట్టుకుంటే తలనొప్పి. అందుకని అంట్లు తోమాక పరీక్ష కాగితాలు దిద్దడం మంగతాయారు పని. చిన్నప్పుడు తండ్రి దగ్గర కావ్యాలు చదువుకున్న పాపం అది. "ఖాళీగా కూచునే బదులు" అంటారు అత్తగారు, కోడలి తడి చేతులవంక చూస్తూనే.

ఈసారి సెలక్షన్ పరీక్ష. తప్పినవాణ్ణి యూనివర్సిటీ పరీక్షకి పంపరు. వ్యాసం వరదల వల్ల నష్టాల మీద. అందరూ సూర్రావుగారి నోట్సే దించారు. పైరు మునుగును, గట్లు తెగును, రైతు కుములును. అందరూ ఒకే లోతులో మునిగారు. కొల్లేటి లంకనుంచి వచ్చిన పెద్దింటయ్య ఒక్కడే వేరేగా రాశాడు.

"వరదొస్తే మాకు చేపండి. వరద రాని ఏడు మా అమ్మ సరిగ్గా పొయ్యి వెలిగించలేదండి. నష్టం చేలున్నవాళ్ళకండి. మాకేం నష్టమో తెలీటం లేదండి."

ఆవిడ నవ్వుతూ పైకి చదివింది. పడక్కుర్చీలోంచి తీర్పు వచ్చింది.

"సున్నా వెయ్యి. పరీక్షలో అండీలేవిటి? అండికో మార్కు తియ్యి."

"సున్నాలోంచి ఎలా తీస్తానండీ?"

"వచ్చే పరీక్షలో తియ్యి."

"వచ్చే పరీక్షకి ఉండడండీ. దోనెక్కి వల పట్టుకుంటాడు."

"పట్టుకోనీ. చేపలొస్తాయని వాడే రాశాడుగా."

ఆయన గురక మొదలెట్టారు. మంగతాయారు పెన్సిలు పట్టుకుని కూచుండిపోయింది. కాగితానికి అవతల ఎప్పుడూ పెద్దవాళ్ళే ఉంటారని ఆ కుర్రాడికి పుట్టుకతోనే తెలుసు, అండి లేకుండా మాట్లాడొచ్చని ఎవరు చెప్పుంటారు. తనకి మాత్రం ఎవరు చెప్పారు. కాఫీ అండీ, నీళ్ళు కాగాయండీ, పొరపాటయిందండీ. అండికో మార్కు తీస్తే ఈ ఇంట్లో తనిప్పుడు ఏ పాతాళంలో ఉండేదో. ఇన్నాళ్ళూ రానిదానికి మార్కులు తియ్యడమే దిద్దడమనుకుంది. వచ్చిందేమిటో ఎవర్నీ అడగలేదు, తననీ ఎవరూ అడగలేదు. నడుం నొప్పెడుతోంది. నడుం నొప్పికి ఎన్నేస్తారో.

పెద్దింటయ్యకి పాసు మార్కులు వేసి కింద రాసింది: "ఈ సంగతి నాకు తెలియదు. బాగా చెప్పావు." నోట్సు దించినవాళ్ళ కాగితాల మీదా రాసింది: "మరి మీ ఊరికి వరద ఎలా వచ్చింది?" సూర్రావుగారు కట్ట విప్పకుండానే కాలేజీకి పట్టుకెళ్ళారు.

తర్వాత ఓ రోజు ఆయన వెలిగిపోతూ ఇంటికొచ్చారు. ప్రిన్సిపాలుగారు ఆ కాగితాలు తిరగేసి, పిల్లాడికి వచ్చిందేమిటో చూసి మార్కులేసే మేస్టారు మీరొక్కరే అన్నారట. పెద్దింటయ్యని పరీక్షకి పంపుతున్నారట. మార్కుల విషయం తను ఎప్పట్నుంచో ఆలోచిస్తున్నానని తల్లికి చెబుతూ పీట మీద కూచున్నారు. తల్లి దిష్టి తీస్తానంది.

ఆయన పులుసు రుచి చూసి, దయగా తలెత్తారు.

"ఇకమీదట నా పద్ధతి వేరు. ఇవాళ పులుసుకి ఆరు."

"నేను పరీక్ష రాయలేదు" అంది మంగతాయారు.

వాక్యం ఇంకా అయిపోలేదనుకుని సూర్రావుగారు ముద్ద చేత్తో పట్టుకుని ఆగారు. ఆయన ఆ అండీ కోసం ఎదురుచూస్తుండగా మంగతాయారు తన కంచం తెచ్చుకుని ఎదురుగా కూచుని, అన్నం పెట్టుకుంది.