మొదటి గంట తాడు

మంగళవారం సాయంత్రం గంటలు మోగించే సాధన ముగిసేసరికి చర్చి గోపురం మెట్లెక్కి టీ, కేకు అందించడం, తర్వాత కప్పులు కడగడం థిర్జా పని. ఎవరు అప్పగించారో ఆమెకే గుర్తులేదు. భర్త విల్ఫ్రెడ్ గంటల జట్టుకు పెద్ద. హాజెల్‌కోట్‌లో మూడు వందల ఏళ్లుగా ఆ ఆరు గంటలూ మోగించినవాళ్ల పేర్లు గోపురం గదిలో చెక్క పలకల మీద ఉన్నాయి. ఏటా వాటికి నూనె రాసి మెరిపించేదీ ఆమే. వాటిలో ఒక్క ఆడపేరూ లేదన్న సంగతి, ఇన్నేళ్లు తుడిచాక, ఒకరోజు గుడ్డ చేతిలో ఉండగా తట్టింది. తట్టాక ఇక మరుపు రాలేదు.

ఆ శరత్కాలంలో మొదటి గంట లాగే ముసలి ఏమస్ భుజం పట్టేసి మానేశాడు. ఇక అయిదింటితోనే సరిపెట్టుకోవాలని విల్ఫ్రెడ్ భోజనాల దగ్గర దిగులుపడ్డాడు.

"నేను లాగుతాను," అంది థిర్జా.

"తాడు లాగడమంటే పిండి పిసకడం అనుకున్నావా?" అని నవ్వాడతను.

"మా కాలంలో ఆడవాళ్లం చీపురు పట్టుకునే గోపురం ఎక్కాం. మాకేం తక్కువైంది?" అంది అత్తగారు.

పక్క ఊళ్లో బడి పంతులమ్మ లోర్నా టక్ గంట లాగుతుందని థిర్జాకు తెలుసు. గురువారాలు థిర్జా రాత్రి భోజనానికి రొట్టె, చల్లని మాంసం మూతపెట్టి, లోర్నా దగ్గర నేర్చుకోవడానికి సైకిలెక్కేది. భోజనం వేడిగా లేదని విల్ఫ్రెడ్ చలికాలమంతా సణిగాడు. ఎక్కడికి వెళ్తున్నావని ఒక్కసారీ అడగలేదు. ఆమె అరచేతుల బొబ్బలు అత్తగారి కంట పడ్డాయి. ఆవిడ వాటికి రాసుకోమని బాతుకొవ్వు గిన్నె ముందుకు జరిపింది.

ఈస్టర్ ఉదయం థిర్జా టీ పళ్లెమూ, గుడ్డా లేకుండా ఉత్త చేతులతో గోపురమెక్కి, మొదటి గంట తాడు పట్టుకుని నిలబడింది.

"అది వదులు. ఊరంతా వింటుంది," అన్నాడు విల్ఫ్రెడ్.

"విననీ."

మొదటి గంట కదలందే మిగతావి కదలకూడదు. అది ఆ గదిలో అందరికీ తెలిసిన కట్టుబాటు. మిగతా నలుగురూ విల్ఫ్రెడ్ వైపు చూసి, మెల్లగా తమ తాళ్లు అందుకున్నారు.

"చూసుకోండి. మొదటిది కదులుతోంది." మొదటి గంట వాళ్లు ఎప్పుడూ వేసే కేకే వేస్తూ ఆమె తాడు లాగింది. "కదిలింది."

ఒకటి, దాని వెనక ఇంకొకటి, గంటలు పల్లె మీదికి దిగాయి. చివరి గంట విల్ఫ్రెడ్‌ది. అతను తన వంతు వచ్చేదాకా ఆగి, లాగాడు.