తూబా గొంతు

నుస్రతుల్లా లాంటి అన్న పగవాడికి కూడా వద్దు. కాషాన్ ఊళ్లో రాగి బజారులో పక్కనే సుత్తి మోగించి మోగించి తమ్ముడి చెవి తినేసిన ఘనుడు. ఆ తమ్ముడు ఖొదాదాద్ ఇవాళా అదే తలచుకుంటూ, ముహర్రం వంటల డేగిసాలో వట్టికాళ్లతో నిలబడి, ఇసుక మీద నడుము తిప్పుతూ పాత కళాయి గీకుతున్నాడు.

ఎడమ చెవి చిన్నప్పుడే చీము పట్టి ఎందుకూ పనికిరాకుండా పోయింది. కుడిచెవిలో పిట్టలు, పిల్లలు, ఫోను గంట ఒక్కొక్కటే ఆగిపోయాయి. బొంగురువి మిగిలాయి: కొలిమి తిత్తి, లారీ, భార్య తూబా. ఆమె మాట్లాడితే గోనెసంచి ఈడ్చినట్టుంటుంది. "వీడు పెళ్లాన్ని కాదు, ఎద్దును తెచ్చుకున్నాడు" అని పెళ్లిలోనే నుస్రతుల్లా నలుగురినీ నవ్వించాడు. ఇప్పుడు ఖొదాదాద్‌కు వినపడే మనిషి గొంతు అదొక్కటే. మిగతావాళ్ల మాటలు పెదవులు చూసి పోల్చుకుంటాడు.

అందుకే ఆపరేషనంటే భయపడ్డాడు. వినికిడి మిషను కోసం చెవి లోపలికి తీగ దూర్చేటప్పుడు ఉన్న కాస్తా పోవచ్చట. "మెత్తటి తీగ, మెల్లగా తోస్తాను. బొంగురు మాటలు నీ చెవికే వదిలేస్తాను, కీచువన్నీ మిషను చూసుకుంటుంది" అంది ఇస్ఫహాన్ డాక్టరమ్మ. తన వాటాకొచ్చిన రెండు జరీబుల దానిమ్మ తోట అమ్మేశాడు. ఆవిడ మాట నిలబెట్టుకుంది. కట్టు విప్పగానే "నొప్పిగా ఉందా?" అన్న తూబా గొంతు చెవిన పడింది. లోపలి పుండు మానేదాకా సుత్తిమోత తగలకూడదని, ఆ తర్వాతే మిషను పెడతానని డాక్టరమ్మ అన్నదమ్ములిద్దరికీ గట్టిగా చెప్పి పంపింది. అందుకే ఇవాళ, బజారు మూసే శుక్రవారం చూసి పనికొచ్చాడు.

డేగిసాను పక్కకు వాల్చి, తల లోపలికి పెట్టి మసి తుడుస్తున్నాడు. ఆ బజారులో చెవిటి కళాయివాణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలవరు. పాత్ర మీద సుత్తితో కొడతారు, ఆ అదురుకి వాడే తలెత్తి చూస్తాడు. నుస్రతుల్లా వచ్చాడు. రెండడుగులు వేసి భుజం తట్టలేదు. సుత్తి అందుకుని డేగిసా మీద బలంకొద్దీ వేశాడు.

ఖొదాదాద్ చెవి పట్టుకుని బయటికి పడ్డాడు.

"ఏంట్రా ఆ చూపు? ఎప్పుడూ ఇలాగే పిలుస్తాగా! డేగిసా కోసం మనిషొచ్చాడు, తెమలవేం?" నుస్రతుల్లా పెదవులు అన్నాయి.

"డాక్టరమ్మ నీ ముందేగా చెప్పింది అన్నా."

"తోట అమ్మి కొన్న చెవి ఒక్క దెబ్బకే పోతుందా!"

మధ్యాహ్నం, తన మీద నీడ పడితేనే తూబా వచ్చిందని తెలిసింది. ఆమె పెదవులు కదిలాయి.

"మళ్లీ చెప్పు."

చెప్పింది. మెడ నరాలు ఉబ్బాయి. ఖొదాదాద్ మసిచేతిని ఆమె గొంతు మీద పెట్టాడు. వేళ్ల కింద అదురుతోంది. వేళ్లకే తెలుస్తోంది.

తూబాకు అర్థమైంది. ఆ చెయ్యి తీసి, గిర్రున బావగారి దుకాణం వైపు తిరిగి ఏదో అంది. చాలాసేపే అంది. జన్మలో ఎవరికీ తలవంచని నుస్రతుల్లా తల వంచుకున్నాడు. ఆ మాటలేమిటో ఖొదాదాద్‌కు అందలేదు, ఇక అందవు.

ఆమె చాదర్ సర్దుకుని వెళ్లిపోయింది. అరుగు మీద ఆమె తెచ్చిన పులుసుగిన్నె పైన కప్పిన రొట్టె, ఆవిరికి మెత్తబడి, మెల్లగా లోపలికి కుంగిపోతోంది.