బ్రాందీ పీపాకు పోసిన సాక

బిరడా పక్క చెక్కను యాదన్న కొయ్యసుత్తితో మళ్లీ బలంగా బాదాడు. పీపాలనైనా ఎద్దులనైనా ఒకే నోటితో తిట్టే మనిషి. గుమ్మడిదలలో సేద్యం మానేశాక ఈ విస్కీ ఫ్యాక్టరీ గోదాములో చేరాడు. పీపాల కింద నలిగి బొటనవేళ్ల గోళ్లు నల్లబడ్డాయి.

లోపలున్నది బర్బన్ పద్ధతిలో మక్కలతో కాచిన విస్కీ. చివర్లో పాత బ్రాందీ పీపాల్లో ఊరబెట్టారు. రుచి చూడటానికి పట్నం నుంచి పెద్దమనుషులొచ్చారు. బిరడా లేవగానే కాల్చిన కంకి వాసన, వెనకే ఎండుద్రాక్షది, గుప్పుమంది.

ఏ పీపా తెరిచినా యాదన్న ముందు ఎల్లమ్మ పేరు చెప్పి నేల మీద కాస్త పోస్తాడు. అదే సాక. తమ్ముడు నర్సింగ్ ఒకనాడు నవ్వేసి సాక పోయకుండానే పీపాలోంచి తోడాడు. ఆ రోజే పీపాల వరస కూలి రొమ్ము పగిలి చచ్చిపోయాడు. అప్పట్నుంచీ యాదన్నకు ఒకటే భయం, ఇక్కడ ఇంకెవరూ అట్లా చావకూడదని.

ఇవాళా సాకకని తోడిన మగ్గు వంచబోతుంటే మేనేజర్ సునీల్‌కుమార్ అందరి ముందూ చెంప పగలగొట్టాడు. విస్కీ ఒలికి యాదన్న చొక్కా తడిసింది.

“గెస్టుల ముందు ఏంట్రా ఈ పిచ్చి?”

“పొయ్యకుంటే ఎవరన్న సస్తరు సార్.”

“ఇంకోసారి పోస్తే గేటు బయటుంటావ్.”

పెద్దమనుషులు గ్లాసులో ముక్కులు పెట్టి, గుటకేసి, తేనెలా దిగుతోందన్నారు. యాదన్న సునీల్‌కుమార్ మెడనే చూస్తూ సుత్తి బిగించి పట్టుకున్నాడు. ఒక్క దెబ్బ చాలు. కానీ ఎల్లమ్మ తల్లి వాటా ఇంకా నేల మీద పడలేదు. సుత్తి కింద పెట్టి, మగ్గు మళ్లీ నింపుకుని రేకుల అడ్డం వెనక్కి వెళ్లాడు. ఇన్నేళ్లూ అందరి ముందూ పోసినవాడు ఇవాళ దొంగలా దాక్కుని పోశాడు.

రేకు అవతల శివశంకర్ ఇనుప ర్యాకుకు వెల్డింగ్ చేస్తున్నాడు. నేల మీది విస్కీ రేకు కిందుగా అటు పారింది. నిప్పురవ్వ తగిలి లేచిన మంట అదే దారిన వెనక్కి వచ్చి తడిసిన చొక్కాను పట్టుకుంది. యాదన్న పీపాల వైపు తిరగలేదు. మండుతూనే ఎవరూ లేని ఆవరణలోకి ఉరికి మట్టిలో పడి దొర్లాడు. శివశంకర్ గోనెసంచులతో కొట్టి ఆర్పాడు. చొక్కాతో పాటు చర్మం ఊడొచ్చింది.

దవాఖాన దారిలో యాదన్న కళ్లు తెరిచి పక్కనున్న శివశంకర్‌ను చూశాడు.

“ఇంకెవరికన్న అంటుకున్నదా?”

“లేదన్నా. నీకొక్కనికే.”

“అయితే మంచిగైంది తియ్.”

పటాన్‌చెరు దాటకముందే ప్రాణం పోయింది.

సాయంత్రం భార్య ఆగమ్మ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది. అతని మోపెడ్ అక్కడే ఉంది. ఎండకు సీటు కాలకుండా పొద్దున అతను తడిపి పరిచిన తువ్వాల దాని మీద ఎండి బిరుసెక్కింది.