తాతయ్య దగ్గు

పిల్లాడి చొక్కా జేబు కుడివైపుకి వెళ్ళిపోయింది. ఆమె తెర మీద బొమ్మను ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. వాడు వంటింట్లోంచి హాల్లోకి వచ్చేలోగా ఎడమ జేబు కాస్తా కుడి జేబు అయింది. అక్కడ ఎర్రగుర్తు పెట్టి, మెడ నిమురుకుంటూ ముందుకు కదిలింది.

ఆదివారం ఉదయం టీవీలో వచ్చే ఆ నవ్వుల కార్టూన్‌కి మొదటినుంచీ ఆమె పని ఇదే. పోయినవారం పగిలిన కిటికీ ఈవారం దానంతటదే అతుక్కుంటే ఎవరు అతికించారని అడగాలి. కారు నడపడం రాని పిన్ని కారు దిగితే నిలదీయాలి. ఆమె ఆమోదం లేనిదే ఎపిసోడ్ బయటికి పోదు. ఆఫీసులో అందరూ ఆమెని చాటుగా భూతద్దం అంటారు. ఈ భూతద్దమే లేకపోతే మీరు పిల్లికి రెండు తోకలు పెట్టేవాళ్ళని ఆమె కూడా చాటుగానే అంటుంది.

తరువాతి దృశ్యంలో అందరూ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. మధ్యలో తాతయ్య ఉన్నాడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. తాతయ్య పోయి ఏడాది దాటింది. కార్టూన్‌లోనూ పోయాడు, బయటా పోయాడు. ఆ పాత్రకి గొంతిచ్చినవాడు ఆమె సొంత అన్నయ్య. అన్నయ్య పోయాక, తాతయ్య కూడా పోయినట్టు ఒక ఎపిసోడ్ తీశారు. మనవరాలు ఆయన చెప్పులు తుడిచి లోపల పెట్టడంతో అది ముగుస్తుంది. అంతకన్నా మర్యాదగా ఆ కంపెనీ ఏనాడూ ఏ పనీ చెయ్యలేదు.

పాత బొమ్మ ఏదో పొరపాటున కలిసిందనుకుంది. ధ్వని పెంచింది. తాతయ్య లేచి, ఈమధ్యే ఫోన్లలో ఊరేగుతున్న ఒక డాన్సు స్టెప్పు వేశాడు. ఫోన్ తలకిందులుగా పట్టుకుని "హలో" అనే తాతయ్య! "ఇది వైరల్ అవుతుందిరా మనవడా!" అన్నాడు. తరువాత దగ్గాడు. ముందు పొడిగా రెండుసార్లు, ఆ వెనక గొంతు గీరుకుంటూ పొడుగ్గా ఒకటి. నేపథ్యంలో జనం విరగబడి నవ్వారు.

ఆమె ఒళ్ళు మండిపోయింది.

ఆ దగ్గు ఎవరూ రాసింది కాదు. అన్నయ్య ఊపిరితిత్తుల్లోంచి వచ్చింది. రికార్డింగ్‌లో ఒకసారి ఆపుకోలేక దగ్గితే, బాగుందని ఉంచేశారు. పిల్లలు బళ్ళలో అనుకరించేసరికి అది తాతయ్య గుర్తు అయిపోయింది. ఒక ఎపిసోడ్‌లో మాత్రం దగ్గు లేదు. కొత్త మందు పనిచేసి అన్నయ్యకి ఆ వారం కాస్త తెరిపిగా ఉంది. దగ్గు ఉండాల్సిన చోట లేదని ఎర్రగుర్తు పెట్టింది ఈ చెల్లెలే. అన్నయ్య నవ్వుతూ మళ్ళీ మైకు ముందుకు వెళ్ళి, లేని దగ్గు తెచ్చుకుని మరీ దగ్గాడు. పని పనే అనుకుంది అప్పుడు. ఆ మాట ఇప్పటికీ ఆమెకి మింగుడుపడదు.

దర్శకుడి గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్ళింది.

"తాతయ్య ఎలా వచ్చాడు?"

"మీకు చెబుదామనే అనుకుంటున్నానండీ. ఆయన లేకపోయేసరికి చూసేవాళ్ళు తగ్గిపోయారు."

"చచ్చిపోయాడు కదయ్యా!"

"కార్టూన్ కదా మేడమ్. కార్టూన్‌లో ఎవరు చస్తారు చెప్పండి?"

"ఆ గొంతు ఎవరిది?"

"మిమిక్రీ చేసే ఒకాయనది. పాపం, పాత ఎపిసోడ్లన్నీ విని మరీ నేర్చుకున్నాడు. అచ్చం మీ అన్నయ్యగారే అనిపించలేదూ?"

మెచ్చుకుంటుందనుకున్నాడు కాబోలు, ఆశగా చూశాడు. 

"ఆ దగ్గయినా తీసెయ్యండి. అది జబ్బు. నటన కాదు."

"దగ్గు లేకపోతే తాతయ్య కాదని పట్టుబట్టింది మీరే కదండీ?"

ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగాడు. అందుకే ఇంకా బలంగా తగిలింది. "ఈ ఎపిసోడ్‌కి నేను ఒప్పుకోను" అంది.

"మీ ఇష్టం. మీ బదులు నేనే ఒప్పుకున్నట్టు రాసి పంపించేస్తాను." అతను చిన్నగా నిట్టూర్చాడు. "ఇలా అయితే మనకి కష్టం మేడమ్."

"కష్టమేం లేదు. రేపటినుంచి రాను."

తన గదికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. వదిన.

"ఏంటమ్మాయ్, ఈ ఆదివారం ఏదో ప్రత్యేకం అని ఊదరగొడుతున్నారు టీవీలో?"

అన్నయ్య పోయినా వదిన ఆ కార్టూన్ మానలేదు. కాఫీ కలుపుకుని ఒక్కతే కూర్చుని చూస్తుంది. ఆ దగ్గుతో ఎన్నో రాత్రులు నిద్రలేకుండా గడిపిన మనిషి. ఇప్పుడు అదే దగ్గు హాల్లోంచి వినబడితే, వెనక జనం నవ్వితే?

"ఉండు వదినా, మళ్ళీ చేస్తాను" అని పెట్టేసింది.

కంప్యూటర్ ఆపేద్దామని వంగింది. తాతయ్య డాన్సు మధ్యలో ఒక చెయ్యి పైకెత్తి ఆగి ఉన్నాడు. అలవాటు చొప్పున కళ్ళు ముఖం దాటి వెనక్కి వెళ్ళాయి. అక్కడ ఆగిపోయాయి. బొమ్మలు గీసేవాళ్ళు తాతయ్యని తెచ్చి కూర్చోబెట్టారు కానీ, వెనక ఇల్లు మాత్రం ఆయన పోయాక గీసిందే వాడేశారు. దర్శకుడు చూడలేదు, రచయితలు చూడలేదు. చూడాల్సింది ఆమే, ఇప్పుడు చూసింది.

ఎర్రగుర్తు మీదికి వేలు వెళ్ళింది. వెనక్కి తీసుకుంది. జీవితంలో మొదటిసారి ఒక తప్పుని తెలిసి వదిలేసింది. ఆ వదలడంలో ఆమెకి పట్టరాని సంతోషం కలిగింది.

తాళంచెవి కాపలా ఆయన చేతిలో పెట్టి మెట్లు దిగింది. ఆయన రేపు సెలవా అని అడిగాడు, అవునంది. వీధిలోకి వచ్చి వదినకి ఫోన్ చేసింది.

"అన్నయ్యని మళ్ళీ బతికించారు వదినా. వేరేవాడి గొంతుతో. దగ్గు కూడా పెట్టారు. ఆదివారం టీవీ పెట్టకు, మా ఇంటికి వచ్చెయ్."



"సిగ్గులేని సన్నాసులు" అంది వదిన. "పెడతాను. ఏం చేశారో చూస్తాను."

"అయితే ఆయన వంక చూడకు వదినా. వెనక గోడ చూడు."

ఆదివారం తాతయ్య డాన్సు చేశాడు, దగ్గాడు, జనం నవ్వారు. ఆయన నెత్తి మీదుగా, ఆ గోడకి, పోయిన తాతయ్య ఫోటో నల్లటి చట్రంలో వేలాడుతూనే ఉంది.