చెప్పి తాకే చెయ్యి

మెల్చోరా మందు సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెడుతోంది. చల్లటి మత్తుమందు చర్మం కింద భగ్గున మండుతుంది. ఒంటి వేడి తగిలితే కాస్త నయం. క్వెంకా ఊరి ఆసుపత్రిలో ఏళ్ల తరబడి ఆమె పని ఇదే. వెన్నులో సూది వేయించుకునేవాళ్ల పొట్ట కింద దిండు సర్దడం, తలవైపు నిలబడి చెయ్యి పట్టుకోవడం, జరగబోయేది ముందే చెప్పడం. ఒక పొద్దున భర్త మాటైనా చెప్పకుండా సముద్రంవైపు అరటితోటల పనికి వెళ్లిపోయినప్పటి నుంచి, చెప్పకుండా వచ్చే నొప్పి ఆమెకు గిట్టదు.

బల్ల మీద బోర్లా పడుకున్నది సోయ్లా. గడ్డి టోపీలు అల్లే ముసలమ్మ. టోపీ అల్లే చెక్క అచ్చు మీద రొమ్ము ఆనించి వంగీ వంగీ నడుం పోగొట్టుకుంది. మడమ దాకా లాగే నరం నొప్పితో కుర్చీలోనే తెల్లవారుస్తోంది. ఇంట్లో భర్త బెనిగ్నో చివరి రోజుల్లో ఉన్నాడు. ఒక్క రాత్రయినా ఆయన పక్కన నడుం వాల్చాలని ఆమె కోరిక. పోయినసారి ఉలిక్కిపడి కదిలితే డాక్టరమ్మ సూది తీసేసింది. ఈసారీ కదిలితే ఇక వెయ్యనంది.

"ఇప్పుడు నా చెయ్యి తగులుతుంది పెద్దమ్మా. తర్వాత తడి. ఆ తర్వాత చీమ కుట్టినట్టుంటుంది."

"చీమంటావేమే. పోయినసారి గాడిదలా తన్నింది."

డాక్టరమ్మ నవ్వాపుకుంది. కాల్లోకి జివ్వుమంటే కదలొద్దని, నోటితో చెప్పమని, చెప్పగానే సూది ఆగుతుందని మెల్చోరా నెమ్మదిగా నచ్చజెప్పింది. కాసేపటికి సోయ్లా "ఇదిగో, వచ్చింది" అంది. సూది ఆగింది. వెన్ను కదల్లేదు.

సూది అయ్యాక పక్కగదిలో మంచం మీద సోయ్లా వెల్లకిలా పడుకుంది. కాలు చాపి, ముడిచి, నమ్మకం కుదరనట్టు మళ్లీ చాపింది. బెనిగ్నోకి ఇష్టమని, గేటు దగ్గర మొక్కజొన్న కుడుములు కొనుక్కురమ్మని మెల్చోరాను పంపింది.

"ఇంట్లో మంచంలో గోడవైపు నాది. ముసలాడు ఆక్రమించేశాడు. ఈ రాత్రి తోసేస్తా."

కుడుములు కొని తిరిగొచ్చేసరికి సోయ్లా కొడుకు ఎదురయ్యాడు. నాన్న మధ్యాహ్నమే పోయాడని, అమ్మకు చెప్పడానికి నోరు రావడం లేదని అన్నాడు.

మెల్చోరా లోపలికి వచ్చి పొట్లం పక్కన పెట్టి, మంచం అంచున కూర్చుంది. చేతులు రుద్దుకుంది.

"ఇప్పుడు నీ చెయ్యి పట్టుకుంటా పెద్దమ్మా."

సోయ్లా ఆమె ముఖంలోకి చూసింది. చెయ్యి తనే చాచింది.

"ఎప్పుడు?" అని మాత్రం అడిగింది.

కొడుకు ఆమెను చక్రాల కుర్చీలో తీసుకెళ్లాడు. మంచం మీద, తల ఆనిన గుంట ఉన్న దిండు పక్కన, ఆకుల్లో చుట్టిన కుడుములు ఇంకా వెచ్చగా ఉన్నాయి.