సల్లచేతులది

"ఏమి చేతులే ఇవి, సచ్చినోళ్ళ చేతులున్నట్టుండాయి!"

పెళ్ళయిన మూడోరోజు ఉమేష్ అన్న మాట అది. ఇరవై ఏళ్ళయినా ఈ పొద్దున రాట్నం తిప్పుతుంటే అరుణకుమారికి మళ్ళీ వినబడింది. వేడిగిన్నె పట్టుకున్నవాడిలా ఆ రోజు ఆయన చెయ్యి విదిలించుకున్నాడు. అత్త అంజనమ్మ ఆ మాటను పేరు చేసేసింది. "మా కోడలు సల్లచేతులది. దీని చేత పెరుగు కూడా తోడుకోదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. అరుణ కూడా నవ్వేది. నవ్వుతూనే నమ్మేసింది. చంటిబిడ్డ మమతను ఎత్తుకునేముందు పొయ్యి దగ్గర అరచేతులు కాచుకునేది. మొగుడి పక్కన పడుకునేముందు చేతులు చీరకొంగులో చుట్టుకునేది. మనిషి రంగులాగ, పొడుగులాగ చలి కూడా పుట్టుకతోనే వచ్చిందనీ, అది తన తప్పేననీ అనుకుంది.

ఎమ్మిగనూరుకు ఎండ పేరే గానీ చలి పేరెక్కడిది? ఈ డిసెంబరులో మాత్రం జనం వీధుల్లో టైర్లు కాల్చుకుంటున్నారు. ఎండాకాలం కోసం కట్టిన నాపబండల ఇల్లు చలిని లోపలే దాచుకుని కూర్చుంది. ఆ బండ మీద కాళ్ళు మడుచుకుని ఆమె మగ్గం కోసం చిన్నచిన్న కండెలకు నూలు చుడుతోంది. వేళ్ళకు స్పర్శ లేదు. పోగు తెగింది. ముడి వేస్తే మళ్ళీ తెగింది.

"ఏమ్మే, నూలు సుడతాండావా, తెంపుతాండావా?" మగ్గం కింద తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఉమేష్ కసిరినాడు. తలకు మంకీక్యాపు. నిన్న ఆదోని నుంచి తనకది, తల్లికి శాలువా తెచ్చుకున్నాడు. అరుణ ఏమీ అడగలేదు. అడగకుండానే జవాబు వచ్చింది: "నువ్వు ఇంట్లోనే గదా ఉండేది."

ఇంట్లోనే. ఆ మాట నిన్నటి నుంచి ఆమె లోపల ఒకచోట నిలవడం లేదు. రాట్నంతో పాటు తిరుగుతోంది.

ఆయన టీకి లేచి పోయినాడు. అత్త అరుగు మీద ఎండలో ఉంది. ఒక కండె చేయిజారి, దొర్లుకుంటూ పోయి గుంతలో పడింది. ఇలాంటప్పుడు ఆయన్నే పిలవాలి. ఆడది గుంతలో కాలు పెడితే మగ్గానికి అరిష్టమని ఈ ఇంటి నియమం. పిలవడానికి నోరు తెరిచింది. ఎందుకో మూసింది. అంచు మీద చెయ్యి ఆనించి లోపలికి దిగింది.

ముందు పాదాలకు తెలిసింది.

వెచ్చగా ఉంది. ఎవరో రెండు అరచేతులతో కాళ్ళు పట్టుకున్నట్టు, మన్ను వెచ్చగా ఉంది. కండె సంగతి మరిచిపోయి ఆయన కూర్చుని నేసే పలక మీద కూర్చుంది. మోకాళ్ళదాకా వెచ్చదనం ఎక్కింది. అరచేతులు రెండూ కిందికి చాపి గుంత గోడకు ఆనించింది. మూడు అడుగుల దూరంలో ఇంత వెచ్చదనం ఉందని ఇరవై చలికాలాలు ఆయన ఒక్కమాట చెప్పలేదు. దాచినాడా? లేదు. దాచాలంటే ముందు ఆమె గుర్తుకు రావాలి. ఈ రెండో సంగతే ఎక్కువ మండింది. వేళ్ళు ఒక్కొక్కటే తనవయ్యాయి.

"అయ్యో, గుంతలో దిగినావా! లెయ్, లెయ్!" గడపలో అంజనమ్మ అరుపు. వెనకే ఉమేష్ వచ్చినాడు.

"ఏమ్మే, ఏం పనిది? లెయ్, అది నా జాగా."

అరుణ చెయ్యి చాపింది. పైకి లేపమంటోందనుకుని ఆయన పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు ఉలిక్కిపడి తన అరచెయ్యి చూసుకున్నాడు.

"నీ చేతులు సల్లగుండాయప్పా" అంది ఆమె.

అత్త ఏదో అంటూనే ఉంది. ఇరవై ఏళ్ళు కళ్ళతో నేసిన నేత అది, కాళ్ళకు కొత్త. గుంతలోని తొక్కుడు చెక్క మీద పాదం వేసి తొక్కింది. కిర్రుమని పోగులు రెండుగా విడిపోయి కండెను మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడెకు దారి ఇచ్చాయి.

"కండెలు అయిపోతాండాయి. పోయి ఆ రాట్నం కాడ కూసో" అంది తల ఎత్తకుండా. "బండ సల్లగుంటాది. టోపీ మాత్రం తియ్యగాకు."