రెండు రోజులు తక్కువ ఎనిమిదేళ్లు

ఓడ ఇంకా రేవు వదలనేలేదు, సిసింద్రీ మాత్రం ఎప్పుడో బయలుదేరిపోయింది. కారిడార్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు, ఆ చివర నుంచి ఈ చివరకు పరుగు. దాని అసలు పేరు పాస్‌పోర్టులో తప్ప ఇంకెక్కడా వినబడదు. కాలు ఒకచోట నిలవని పిల్లను ఇంకేమని పిలుస్తారు!

వెనకాలే తాత. రిటైరై ఎనిమిదేళ్లయినా అందరికీ ఆయన హెడ్మాస్టరుగారే. నిజం చెప్పొద్దూ, ఆయనకూ కాలు నిలవడం లేదు. మొదటిసారి ఓడెక్కిన మనిషి మరి! పెద్దరికం అడ్డొచ్చి నడుస్తున్నాడు గానీ, లేకపోతే మనవరాలితో పోటీ పడేవాడే.

"తాతయ్యా, అక్కా నేనూ ఒకటే గుంపు కదా?"

"ఒకటే."

"ఒట్టు?"

"హెడ్మాస్టరు మాట. మళ్లీ ఒట్టెందుకే?"

అక్కంటే ఆయన కొడుకు కూతురు, తొమ్మిదేళ్లది. ఈ ఓడలో పిల్లల క్లబ్బు ఉంది. అయిదు నుంచి ఏడేళ్ల వాళ్లకు చేతికి పసుపు పట్టీ, ఎనిమిది నుంచి పదకొండేళ్ల వాళ్లకు నీలం పట్టీ. నీలం పట్టీ వాళ్లు ఆఖరి రోజు పెద్ద స్టేజీ మీద నాటకం వేస్తారు. అందులో ఒక తిమింగలం. తల ఒకరు, తోక ఒకరు. టికెట్లతో పాటు వచ్చిన పుస్తకంలో ఆ బొమ్మ చూసింది మొదలు, తల అక్క, తోక చెల్లి అని ఇద్దరూ ఖాయం చేసేసుకున్నారు. రెండు నెలలుగా ఒకే దుప్పటి కప్పుకొని ఇల్లంతా ఈదుతున్నారు. ఆ ఈతలో ఒక పూలకుండీ, రెండు కప్పులు పోయాయి. పోతే పోయాయి!

క్లబ్బు గుమ్మం ముందున్న బల్ల దగ్గర అక్కకు నీలం పట్టీ పడింది. అది కేరింత కొట్టి లోపలికి పరిగెత్తింది. తరువాత సిసింద్రీ వంతు. బల్ల దగ్గరి అమ్మాయి పాస్‌పోర్టు తిప్పి చూసి పసుపు పట్టీ తీసింది.

"నీలం అమ్మా, నీలం," అన్నాడు తాత.

"పాపకి ఏడేళ్లే కదా సార్."

"ఎనిమిది. సరిగ్గా చూడు."

"ఎనిమిది ఎల్లుండికి సార్. ఓడెక్కిన రోజుకి ఎంత వయసుంటే అంతే లెక్క."

హెడ్మాస్టరు పాస్‌పోర్టు లాక్కొని తేదీ చూశాడు. తప్పెక్కడ జరిగిందో ఆయనకు వెంటనే అర్థమైంది. ఆయన బడిలో పిల్లల్ని చేర్చుకునేది ఒకరోజు, వయసు లెక్కపెట్టేది ఆ తరువాతి నెల ఒకటో తేదీకి. ముప్పయ్యేళ్లు అలా లెక్కపెట్టిన వేళ్లు ఊరుకుంటాయా? ఓడకు కూడా వచ్చే నెల ఒకటో తేదీకే లెక్కపెట్టేశాయి. పైగా పుస్తకంలో రూలు ఒక్కటీ ఇంకెవరినీ చదవనివ్వలేదు. వయసుల లెక్క నాకా మీరు చెప్పేది, అని ఇంటిల్లిపాదినీ కసిరాడు కూడా.

"రెండు రోజులే కదమ్మా! రెండు రోజుల్లో పిల్లేమైనా తాటిచెట్టంత పెరుగుతుందా?" ఇంత బతుకూ బతికి ఆయన ఒకరిని ఇలా బతిమాలడం ఇదే మొదలు.

"రెండు రోజులకి వదిలేస్తే రేపు రెండు నెలలు తక్కువైన వాళ్లొచ్చి నిలబడతారు సార్. వాళ్లకేం చెప్పమంటారు?"

వెనక నుంచి ఫక్కున నవ్వు వినిపించింది. సిసింద్రీ వాళ్లమ్మ, అంటే హెడ్మాస్టరు కూతురు.

"నాన్నా! అచ్చం నీ మాటే! ఒక్క ముక్క పొల్లుపోలేదు!"

ఆయన మాటే మరి. ఆమెకు అయిదేళ్లు నిండటానికి ఒక్కరోజు తక్కువైందని, సొంత కూతురని కూడా చూడకుండా వచ్చే ఏడు రమ్మని తన బడి నుంచి పంపేశాడు ఈయన. పక్కింటి నేస్తం బడికి పోయింది, ఈమె గేటు పట్టుకొని నిలబడింది. ఆ ముచ్చట ఆయన ప్రతి ఏడూ బడి వార్షికోత్సవంలో చెప్పేవాడు, జనం చప్పట్లు కొట్టేవారు. చప్పట్లు కొట్టేవాళ్లకేం, గేటు పట్టుకొని నిలబడింది వాళ్లు కాదుగా!

సిసింద్రీ ఏడ్చి గోల చేసినా బాగుండేది. చెయ్యి చాపి పసుపు పట్టీ కట్టించుకుంది.

"హెడ్మాస్టరు మాట అన్నావుగా," అంది. అంతే, లోపలికి వెళ్లిపోయింది. ఆయనకు సిగ్గేసింది. ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

భోజనానికి రమ్మంటే ఆకలి లేదన్నాడు. పై డెక్ మీద కుర్చీలో కూర్చొని ఆ పుస్తకం మళ్లీ తెరిచాడు. ఓడ కూత పెట్టింది, రేవు వదిలింది, జనమంతా ఈలలు వేసి చేతులూపారు. ఈయన తలెత్తలేదు. రూలు చదివి పిల్లల్ని వెనక్కి పంపిన మనిషి, ఇప్పుడు లోపలికి పంపే దారి కోసం అక్షరం అక్షరం వెతుకుతున్నాడు. పదకొండో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం కనబడింది. రెండుసార్లు చదివాడు. మూడోసారి పైకే చదివాడు.

"ఉందే! ఉంది!" అని ఒక్క గంతు వేశాడు. పక్క కుర్చీలో కునుకు తీస్తున్నాయన ఉలిక్కిపడి లేచాడు.

నాలుగింటికి వేషాలు పంచుతారు. ఇప్పుడు మూడూ నలభై. లిఫ్ట్ చూస్తే కిటకిట. మెట్లు పట్టుకున్నాడు. అయిదంతస్తులు! ఒక చెప్పు జారి కిందికి దొర్లితే దాన్ని వెంబడించి మరీ తొడుక్కున్నాడు. దారిలో కాఫీ తాగుతున్న కూతుర్ని చెయ్యి పట్టి లాక్కుపోయాడు.

"ఏమైంది నాన్నా? ఓడ మునుగుతోందా ఏంటి?"

"నోరు మూసుకొని రా!"

బల్ల దగ్గరి అమ్మాయి ముందు పుస్తకం పరిచి వేలు పెట్టాడు. ఆయన రొప్పు తగ్గేలోగా ఆమే చదివింది. ప్రయాణంలో పుట్టినరోజు వచ్చిన పిల్లలను, తల్లిదండ్రులు రాసిస్తే, ఆ రోజు నుంచి పై గుంపులోకి మార్చవచ్చు.

"అయ్యో, ఇది నేనూ చూడలేదు సార్! కానీ వేషాలు ఇవాళే ఇచ్చేస్తాం."

"తోక వేషం ఎల్లుండి దాకా అట్టిపెట్టకూడదని ఎక్కడైనా రాసుందా?"

ఆ అమ్మాయి పేజీలు తిప్పింది, నవ్వు ఆపుకుంది. "లేదు సార్."

"రాయని రూలు మనమెందుకు పెట్టడం?"

కూతురు సంతకం పెట్టింది. పెన్ను మూత పెడుతూ నవ్వుతూనే అడిగింది. "ఆ రోజు నాకు కూడా పదకొండో పేజీ ఏమైనా ఉందా నాన్నా?"

ఆయన పుస్తకం మూశాడు. నిజమే చెప్పాడు. "తెలీదమ్మా. నీ పుట్టిన తేదీ చూశాక ఇంక పేజీ తిప్పలేదు."

ఈసారి ఆమె నవ్వలేదు.

మూడో రోజు పొద్దున తొమ్మిదికి తలుపు తీస్తారంటే, తాతా మనవరాలూ ఎనిమిదింటికే వెళ్లి నిలబడ్డారు. సిసింద్రీ ఎగురుతూనే ఉంది. వెనకే తల్లి వచ్చింది. బల్ల దగ్గరి అమ్మాయి తలుపు తీసి, పసుపు పట్టీ కత్తిరించి నీలం పట్టీ కట్టింది.

"ఎనిమిదేళ్లు వచ్చేశాయి! తాతయ్యా, నీ మాట నిలబడింది!" అని సిసింద్రీ ఆయన నడుముకు చుట్టుకొని, మరుక్షణం లోపలికి దూకేసింది. క్లబ్బు అద్దం గోడ అవతల నీలం గుడ్డ తిమింగలం లేచింది. తల ఒకవైపు, తోక ఒకవైపు పోయి రెండూ దబ్బున పడ్డాయి. లోపల నవ్వులే నవ్వులు.

కత్తిరించిన పసుపు పట్టీ బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకొని కూతురి వైపు తిరిగాడు.

"తప్పు చేశాను తల్లీ. బడిలో ఆ పూట బల్ల అవతల కూర్చుండిపోయాను. నీ పక్కకొచ్చి నిలబడాల్సింది."

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. గేటు పట్టుకొని ఎంతసేపు నిలబడిందో ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అడగని మనిషి! ఆమె ఆయన చేయి గట్టిగా పట్టుకొని అద్దం దగ్గరకు లాగింది.

"ఇప్పుడు నిలబడ్డావుగా నాన్నా. రా, మన తోకని చూద్దాం."